మాట పోయిన తరువాతి పాట

దేవులపల్లి కృష్ణశాస్త్రి (1897–1980) గురించి తరచుగా వినిపించే తీర్పు ఒకటుంది. 1925లో ‘కృష్ణపక్షం’, ఆ వెనుక ‘ప్రవాసము’, ‘ఊర్వశి’ వెలువడ్డాయి. తరువాత ఆయనలో ఊట ఎండిపోయింది. సినిమా పాటలు కేవలం బతుకుతెరువు. ఈ తీర్పులో సగమే నిజం. తగ్గినది పద్యం, కవిత్వం ఆగలేదు.

పద్యం ఎందుకు తగ్గిందో ‘కృష్ణపక్షం’లోనే తెలుస్తుంది. అక్కడ దుఃఖానికి కారణం కన్నా దుఃఖమే ముఖ్యం. ఎవరి కోసం ఈ వేదన అన్నది మసకగా ఉంచడంలోనే ఆ ఖండికల ఆకర్షణ ఉంది, వాటి పరిమితీ ఉంది. ముఖం లేని ప్రేయసి కోసం ఎంతకాలం విలపించగలరు? అనుకరించిన వారి చేతుల్లో ఆ ధోరణి ఎంత త్వరగా అరిగిపోయిందో తెలిసిందే. ఆ ‘నేను’ చెప్పవలసినది చెప్పేసింది. ఇటువంటి స్థితిని స్ఫూర్తి కరవు అనుకుని, మళ్ళీ ఆవేశం వస్తుందని ఎదురుచూస్తూ కూర్చున్న కవులు తెలుగులో తక్కువేమీ లేరు.

బి.ఎన్. రెడ్డి ‘మల్లీశ్వరి’ (1951) కృష్ణశాస్త్రికి ఆవేశాన్ని ఇవ్వలేదు, పని ఇచ్చింది. ఒక పల్లెటూరి పిల్ల, ఆమె బావ నాగరాజు, ఇద్దరినీ విడదీసిన రాణివాసం. దూరమైన ఆ ఇద్దరూ మేఘాలతో మొరపెట్టుకునే పాటలో పాత విరహమే ఉంది, కాళిదాసు నీడా ఉంది. కాని ఇప్పుడు ఆ విరహానికి ఒక ఊరుంది, ఒక బావ ఉన్నాడు. సాలూరి రాజేశ్వరరావు సంగీతానికి, భానుమతి, ఘంటసాల గొంతులకు ఒదిగే మాటలు కావాలి. సమాసాల బరువు దిగింది; మాట పల్లె నోటికి దగ్గరైంది. కవి తన గొంతు పక్కన పెట్టి మరొకరి నోట మాట్లాడవలసి రావడమే ఈ కొత్త ఊటకు మూలం. సినిమా కవిని దిగజార్చిందనే వారు ఈ పాటలను ‘ఊర్వశి’ పక్కన పెట్టి చదివినట్టు లేదు.

అసలు పరీక్ష 1963లో వచ్చింది. గొంతు క్యాన్సర్ వల్ల ఆయన మాట పోయింది. గొప్ప వక్తగా పేరుపొందిన మనిషి అప్పటి నుంచి చిన్న కాగితాల మీద రాసి సంభాషించవలసి వచ్చింది. ఇక్కడ వైద్యశాస్త్రం చెప్పే ఒక తేడాను గుర్తుంచుకోవాలి. స్వరపేటిక ధ్వనిని పుట్టిస్తుంది, భాషను కాదు. భాష మెదడు పని. చాలామందిలో అది ఎడమ అర్ధగోళానిది. పక్షవాతంలో ఆ భాగం దెబ్బతింటే గొంతు బాగానే ఉన్నా పదం దొరకదు. గొంతు పోయినవారికి పదాలూ, వాటి లయా లోపల చెక్కుచెదరకుండా ఉంటాయి. పాటల రచయిత నష్టం అల్పమని దీని అర్థం కాదు. రాసిన చరణాన్ని బాణీ మీద పైకి అనిచూసుకునే వీలు ఆయనకు లేకుండా పోయింది. మాత్రల లెక్క, అక్షరాల మెత్తదనం అంతా లోపలి చెవితోనే తేల్చుకోవాలి.

ఆ తరువాతివే ‘సుఖదుఃఖాలు’, ‘ఉండమ్మా బొట్టు పెడతా’ (రెండూ 1968), ‘అమెరికా అమ్మాయి’ (1976), ‘గోరింటాకు’ (1979) చిత్రాల్లోని ఆయన పాటలు. ‘సుఖదుఃఖాలు’లో వేళ కాని వేళ తొందరపడి కూసిన కోయిల పాట ఉంది. మూగబోయిన కవి తన గురించే రాసుకున్నాడని అనిపించడం సహజం. ఆ ప్రలోభానికి లొంగకపోవడమే మంచిది. ఆ పాటలోది గొంతు పోయిన కోయిల కాదు, ముందే కూసిన కోయిల. తన గోడు వినిపించే అవకాశం చేతికందినా ఆయన పాత్ర గోడే రాశారు. 1925 నాటి కవి అయితే ఆ పని చేసి ఉండేవారు కారేమో!

‘గోరింటాకు’ వచ్చిన మరుసటి ఏడాది, 1980 ఫిబ్రవరిలో, ఆయన కన్నుమూశారు. 1982లో దాసరి నారాయణరావు ‘మేఘసందేశం’లో రమేశ్ నాయుడు ‘కృష్ణపక్షం’లోని అడవి ఖండికకు బాణీ కట్టగా సుశీల పాడారు. అడవిలో కరిగిపోవాలని ఆ సినిమాకు 57 ఏళ్ళ ముందు కోరుకున్న ఆ పాత ‘నేను’ను కూడా ఇప్పుడు చాలామంది సినిమా పాటగానే ఎరుగుదురు.