గది వేడిని లెక్కలోకి తీసుకున్నాకే ఓవర్‌క్లాకింగ్

2018 జూన్ 26న ఒమన్ తీరంలోని ఖురయ్యాత్‌లో రాత్రీ పగలూ కలిపి ఇరవై నాలుగు గంటల పాటు ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కిందికి దిగలేదు. ఆ తీరం మీదే ఉన్న మస్కట్‌లో, రూవీలోనో దార్‌సైత్‌లోనో ఫ్లాట్ తీసుకుని, సొంతంగా బిగించుకున్న కంప్యూటర్‌ను కంపెనీ చెప్పిన వేగాన్ని మించి పరుగెత్తించాలనుకునే తెలుగు కుర్రాళ్లకు మొదట చెప్పాల్సిన సంగతి ప్రాసెసర్ గురించి కాదు, గది గురించి.

ఓవర్‌క్లాకింగ్ లెక్క చిన్నదే. మదర్‌బోర్డు ఇచ్చే మూల క్లాక్ 100 మెగాహెర్ట్జ్. దాన్ని మల్టిప్లయర్‌తో గుణిస్తే ప్రాసెసర్ వేగం వస్తుంది. మల్టిప్లయర్ 50 పెడితే 5 గిగాహెర్ట్జ్. వేగం పెంచినప్పుడు చిప్ తడబడకుండా ఉండాలంటే వోల్టేజి కొంచెం పెంచాలి. చిక్కంతా అక్కడే. చిప్ తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజితో అయితే వర్గం లెక్కన పెరుగుతుంది. రెండూ పది శాతం చొప్పున పెంచితే వేడి దాదాపు 33 శాతం ఎక్కువవుతుంది. వేగం లాభం పదే.

ఈ విద్యకు పేరు తెచ్చిన చిప్ 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ. అప్పటి మూల క్లాక్ అయిన బస్ వేగాన్ని 66 నుంచి 100కు మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్ 450 దగ్గర నడిచేది. ఖరీదైన పెంటియమ్ కొనలేని విద్యార్థికి అది నిజమైన లాభం. తర్వాత ఇంటెల్ మల్టిప్లయర్‌కు తాళం లేని ‘కె’ రకాలను విడిగా అమ్మింది. 2017లో వచ్చిన ఏఎండీ రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఆ తాళమే లేదు.

ఇక ఒమన్ సంగతి. ఫ్యాన్ కూలరైనా, నీళ్లు తిరిగే లిక్విడ్ కూలరైనా చిప్‌ను గదిగాలి కన్నా చల్లగా చేయలేదు. గదికన్నా అరవై డిగ్రీలు ఎక్కువగా నడిచే చిప్, ఏసీ వేసి 24 డిగ్రీలున్న గదిలో 84 దగ్గర ఆగుతుంది. ఏసీ ఆపేసి గది 38కి చేరితే అదే చిప్ 98 దగ్గరుంటుంది. చాలా ఇంటెల్ చిప్‌లు 100 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అంటే జనవరిలో బాగా కుదిరిన సెట్టింగ్ జూన్‌లో పనికిరాదు. ఖరీఫ్ అనే అక్కడి వానాకాలపు తుంపర్లతో చల్లబడే దక్షిణ ఒమన్ సలాలాలో ఉన్నవారి గది, మస్కట్ గది ఒకటి కావు. అక్కడివాళ్ల అంకెలు చూసి ఇక్కడ పెట్టుకోవద్దు.

గదికన్నా చల్లబరిచే చిల్లర్ తెస్తే సరిపోదా అని అడుగుతారు. మస్కట్ వేసవిలో సముద్రపు తేమ ఎక్కువ. ఏసీ ఆగిన గదిలో ఆ తేమ చల్లటి గొట్టాల మీద నీటి చుక్కలై మదర్‌బోర్డు మీదికి జారుతుంది. ఆ దారి వద్దనే నా గట్టి సలహా. దాని బదులు కేబినెట్ ముందు జల్లెడలకు పట్టిన సన్నటి ఎడారి దుమ్మును తరచూ దులపండి. ఎంత మంచి కూలరైనా గాలి ఆడకపోతే దండగే.

సెట్టింగ్ నిలబెట్టడమే ఈ విద్యలో అసలు పనితనం. బయోస్‌లో మల్టిప్లయర్‌ను ఒక్కో మెట్టు ఎక్కించాలి. తడబడితే వోల్టేజిని 0.01, 0.02 చొప్పున పెంచాలి. ప్రతి మెట్టు దగ్గరా ప్రైమ్95 లాంటి పరీక్ష గంటల తరబడి నడవాలి. ర్యామ్ వేగం కూడా మార్చి ఉంటే మెమ్‌టెస్ట్86 విడిగా వేయాలి. రెండూ ఒకేసారి మారిస్తే తప్పు ఎక్కడుందో దొరకదు. బ్లూ స్క్రీన్ వస్తే నయమే, కనీసం తెలుస్తుంది. ఏ హెచ్చరికా లేకుండా లెక్క తప్పి ఫైలు పాడవడం ప్రమాదకరం. రైజెన్‌లో కోర్లకు వోల్టేజి తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ వాడేవారికి ఇంకో వింత ఎదురుకావచ్చు. పూర్తి భారంతో రాత్రంతా నిలిచిన కంప్యూటర్, ఏ పనీ లేక ఊరికే ఉన్నప్పుడు దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. తక్కువ పనిలో ఒక్క కోర్ అత్యధిక వేగానికి ఎగబాకేటప్పుడు, మనం తగ్గించిన వోల్టేజి దానికి చాలదు. అందుకే ఒక్కో కోర్‌ను విడివిడిగా పరీక్షించాలి. ఆఖరి పరీక్ష మాత్రం శుక్రవారం మిట్టమధ్యాహ్నం, ఏసీ మీరు రోజూ పెట్టుకునే అంకె మీదే ఉంచి చేయండి. నిలిచాక ఆ సెట్టింగ్‌ను బయోస్‌లో ప్రొఫైల్‌గా భద్రపరచండి.

వోల్టేజి ఎక్కువైతే జరిగే నష్టం 2024లో అందరికీ కనిపించింది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని, ఎవరూ ఓవర్‌క్లాక్ చేయకపోయినా, అధిక వోల్టేజి వల్ల లోపల అరిగిపోయి తడబడ్డాయి. కంపెనీ మైక్రోకోడ్ మార్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే అరిగిన చిప్‌ను ఆ మార్పు బాగుచేయలేదు.

ఇప్పటి ప్రాసెసర్లను కంపెనీలే హద్దు దాకా తోసి అమ్ముతున్నాయి. సెలెరాన్ నాటి యాభై శాతం లాభం ఇక రాదు. అయినా ఈ విద్య విలువ తగ్గిందని నేను అనుకోను. వేగాన్ని అలాగే ఉంచి వోల్టేజిని తగ్గించడానికీ ఇదే ఓపిక, ఇదే పరీక్ష కావాలి. దానివల్ల చిప్ చల్లబడుతుంది, ఫ్యాన్ మోత తగ్గుతుంది, గదిలో ఏసీకి పని తగ్గుతుంది. మస్కట్‌లో కొత్తగా మొదలుపెట్టేవారు మల్టిప్లయర్ జోలికి పోకముందు ఇదే చేయండి. సగం మందికి ఆ తర్వాత ఇంకేమీ చేయాల్సిన అవసరం ఉండదు.