ముందు జిల్లేడు, ఆ తర్వాతే అడవి

అడవిలో తాడు కావలసివస్తే ముందు గుర్తుకు రావలసింది ముడులు వేసే తీరు కాదు, చెట్టు తొక్క చేసే పని. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగేది లోపలి తొక్క గుండానే. మనకు కావలసిన నార ఉండేదీ అక్కడే. మాను చుట్టూ తొక్క ఒలిచేస్తే వేళ్లకు తిండి అందదు, చెట్టు చస్తుంది. చాలాకాలం పచ్చగా కనబడుతూనే చస్తుంది కాబట్టి ఒలిచినవాడికి తన తప్పు తెలియను కూడా తెలియదు. ఏ మొక్కను, ఎంత, ఎప్పుడు కోయాలో తెలియనివాడికి పేనడం ఎంత బాగా వచ్చినా నార తీసే విద్య రానట్టే.

ఊరి బయట బీడుల్లో ఎవరూ నాటకుండానే పెరిగే జిల్లేడుతో మొదలుపెట్టడం మేలు. మొదలు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. నార గట్టిది, ఒకప్పుడు వింటినారికీ వాడేవారు. నిలువునా ఎండిన కొమ్మ తీసుకుంటే పాల బెడద ఉండదు; పచ్చిదాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. పచ్చి కొమ్మే కోయవలసివస్తే ఆకుల కింద చారల గొంగళిపురుగులున్నాయేమో చూడాలి, కొన్ని సీతాకోకచిలుకల పిల్లలకు ఆ ఆకే తిండి. గోంగూర, బెండ, తుత్తురబెండ ఒకే కుటుంబానివి, అన్నిటి కాడల్లోనూ నార ఉంటుంది. పంటగా వేసిన గోగును కట్టలుగా నీళ్లలో ఊరవేస్తే సూక్ష్మజీవులు జిగురును తినేసి నారను విడదీస్తాయి. ఊరిన నీరు కుళ్లి చేపలకు ఊపిరాడదు కాబట్టి ఆ పని వాగుల్లో చేయకూడదు. నాలుగు మూరల తాడుకైతే ఒలిచిన తొక్కను ఎండబెట్టి, పేనేముందు తడిపితే చాలు. పచ్చినారతో పేనిన తాడు ఎండాక వదులైపోతుంది. పేనేటప్పుడు రెండు పాయలకూ కుడికి పురి ఎక్కించి, రెంటినీ కలిపి ఎడమకు మెలివేయాలి. విడిపోజూసే పురి, విడిపోజూసే మెలి ఒకదాన్నొకటి బిగబట్టుకుంటాయి. తాడు నిలిచేది ఆ తగవు మీదే. రెండు పాయల అతుకులూ ఒకేచోట పడితే తెగేదీ అక్కడే.

నైలాను తాడు చవగ్గా దొరుకుతుంటే ఈ తంటా ఎందుకని అడగవచ్చు. బరువు మోయడంలో నైలానుదే పైచేయి, అది ఒప్పుకోవాలి. కొత్తగా నేర్చినవాడు తన నారతాడుకు ప్రాణం వేలాడదీయకూడదు. నల్లమలలో చెంచులు కొండతేనెకు దిగేటప్పుడు తాడు కాపలా బావమరిదికి అప్పగిస్తారంటారు. అక్కచెల్లెళ్ల పసుపుకుంకుమల మీద అతనికున్న శ్రద్ధ ఇంకెవరికుంటుంది? అంత అనుభవం ఉన్నవాళ్లే తాడును ఒంటరిగా నమ్మలేదు. పందిరికో, మోపుకో, చిరిగిన సంచికో మాత్రం నార చాలు, పారేస్తే మట్టిలో కలుస్తుంది.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఏ మొక్కను ఎంత కోయాలన్న లెక్కలెవరు చూస్తారన్నది ఇంకాస్త గట్టి ప్రశ్న. నిజమే, ఆ ఒక్కరోజు ఎవరూ చూడరు, చూడనక్కరలేదు. అయితే ఆపద ఒక్కసారి వస్తే సాధన వందసార్లు సాగుతుంది; అడవికి దెబ్బ తగిలేది ఆ వందసార్ల కోతవల్లే. మన్యంలో అడ్డతీగ ఆకులు కోసి విస్తళ్లు కుట్టుకుని బతికే కుటుంబాలున్నాయి. సరదాకు నేర్చుకునేవాడు నార కోసం ఆ తీగ మొదలు నరికితే పోయేది వాళ్ల కూడు. వాడికి వంటింట్లో మిగిలిన గోంగూర కాడలు చాలు.