బూడిదనీళ్ళు, లిట్మస్ కాగితం

పదో తరగతి 'ఆమ్లాలు, క్షారాలు, లవణాలు' పాఠంలో తప్పు లేదు, మొదలుపెట్టిన చోటే తేడా. హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా బీరువాలో ఉంటుంది, తాళం ఇంకెవరి దగ్గరో. పిల్లలు రంగులు బట్టీపట్టి మార్చికల్లా విసిగిపోతారు.

అవ్వ బట్టలు ఉడకేసిన బూడిదనీళ్ళూ క్షారమే, అందులో ఉన్నది పొటాషియం కార్బొనేట్. పసుపు పూసిన కాగితం ముంచితే ఎర్రబడుతుంది, చింతపండు రసం చుక్క వేస్తే మళ్ళీ పసుపే. అది చూసిన పిల్ల 'ఎందుకు?' అంటుంది.

ఇక్కడ మన రచయితలతోనూ నాకు పేచీ ఉంది. అవ్వకు కెమిస్ట్రీ అంతా తెలుసని రాసి మురిసిపోతాం. అవ్వకు పని తెలుసు, సమీకరణం తెలియదు. పరీక్షలో అడిగేది సమీకరణమే, అది తూచడం నేర్పాల్సిందే.

ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుందని చెప్పడానికి ఇప్పసారా కుండ ఉంది. క్లాసులో దాని పేరెత్తడానికే టీచర్లు జంకుతారు.