యోబు దేనికి పశ్చాత్తాపపడ్డాడు?

యోబు పేరు చెప్పగానే తెలుగు పాఠకునికి, ముఖ్యంగా క్రైస్తవ కుటుంబంలో పెరిగినవానికి, మొదట స్ఫురించేది సహనం. కొత్త నిబంధనలోని యాకోబు పత్రిక (5:11) ఈ పేరును స్థిరపరచింది. కాని 42 అధ్యాయాల యోబు గ్రంథంలో ఆ సహనం కనిపించేది మొదటి రెండు అధ్యాయాల్లోనే. మూడవ అధ్యాయంలో అతడు నోరు తెరిచి, తాను పుట్టిన దినాన్ని శపిస్తాడు. అక్కడినుంచి దేవునితో వ్యాజ్యెమే.

కథ తెలిసిందే. నిర్దోషి అయిన యోబు ఆస్తిని, పదిమంది బిడ్డలను, ఆరోగ్యాన్ని పోగొట్టుకుంటాడు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు వచ్చి, పాపం లేనిదే శిక్ష ఉండదంటారు. వీరి వాదం మనకు కొత్తది కాదు: చేసుకున్నవాడికి చేసుకున్నంత. అయితే కర్మ సిద్ధాంతానికి పూర్వజన్మ అనే వెసులుబాటు ఉంది. ఎలీఫజుకు అది లేదు. ఉన్న ఒక్క జన్మలోనే లెక్క తేలాలి గనుక యోబు ఎక్కడో తప్పు చేసి తీరాలి. యోబు ఒప్పుకోడు. 38వ అధ్యాయంలో దేవుడు సుడిగాలిలోనుంచి మాట్లాడతాడు గాని, యోబు అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పడు.

చిక్కు అంతా ఆ తరువాతి రెండు వచనాల్లో ఉంది. ప్రచారంలో ఉన్న తెలుగు అనువాదం ప్రకారం 42:6లో యోబు తనను తాను అసహ్యించుకొని పశ్చాత్తాపపడతాడు. వెంటనే 42:7లో దేవుడు ఎలీఫజువైపు తిరిగి, నన్నుగూర్చి సరిగా మాట్లాడినవాడు యోబే గాని మీరు కారని కోపిస్తాడు. సరిగా మాట్లాడినవాడు దేనికి పశ్చాత్తాపపడాలి? ఇది భాషాశాస్త్రజ్ఞుల కాలక్షేపం కాదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి 'ఎందుకిలా?' అని అడిగితే, 'అడగకూడదమ్మా, యోబు కూడా చివరకు తప్పు ఒప్పుకున్నాడు' అని నోరు మూయించడానికి ఈ వచనమే ఆధారమవుతున్నది.

మూలంలో రెండు క్రియలున్నాయి. మొదటిది 'మాఅస్', త్రోసిపుచ్చడమని దాని అర్థం. దీనికి ఇక్కడ కర్మ లేదు (వ్యాకరణంలోని కర్మ సుమా!). తన ఫిర్యాదును త్రోసిపుచ్చుతున్నాడా, ఇంతవరకు అన్న మాటలనా, తననా? 'నన్ను నేను' అన్నది అనువాదకులు పూరించినది. ప్రాచీన గ్రీకు అనువాదంలోనే ఈ పూరణ ఉంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలూ ఆ బాటనే పట్టింది. ఇంగ్లీషులో ఇటువంటి క్రియకు కర్మ లేకపోతే వాక్యం కుంటుతుంది. తెలుగుకు ఆ అవస్థ లేదు. 'చూశావా?' అంటే 'చూశాను' అంటాం. దేనిని అన్నది సందర్భానికి వదిలేస్తాం. 'కావున త్రోసిపుచ్చుచున్నాను' అని ఊరుకుంటే మూలంలోని సందిగ్ధం తెలుగులోనూ నిలిచేది. తన వాక్యనిర్మాణం ఇచ్చిన ఈ సదుపాయాన్ని మన అనువాదం వాడుకోలేదు.

రెండవ క్రియ 'నాహమ్' మరింత ముఖ్యం. దీనికి ఓదార్చడం, ఓదార్పు పొందడం, మనసు మార్చుకోవడం అని అర్థాలున్నాయి. స్నేహితులు యోబును ఓదార్చడానికి వచ్చినప్పుడు (2:11) వాడినది ఈ ధాతువే. నిర్గమకాండం 32:14లో దేవుడే ప్రజలకు చేస్తానన్న కీడు విషయంలో మనసు మార్చుకుంటాడు. అక్కడా ఇదే క్రియ. దేవుని పాపం అన్న ప్రసక్తి అక్కడ లేదు గదా! 'పశ్చాత్తాపం' మాట అట్లా కాదు. పశ్చాత్ + తాపం, అంటే పని జరిగిన తరువాత కలిగే మంట. దాని వెనుక ఒక తప్పు ఉండి తీరుతుంది. ఆ మాట పడగానే యోబు దోషి అయిపోయాడు; ఎలీఫజు గెలిచాడు.

తమిళనాట చదువుకొనే మా విద్యార్థులు ఇక్కడ ఒక పోలిక చూడవచ్చు. పాత తమిళ బైబిలు ఈ చోట 'మనస్తాప' శబ్దాన్ని వాడింది. నేటి తమిళంలో దాని అర్థం వేరే దారి పట్టినా, తెలుగు చెవికి అందులో వినిపించేది వేదనే గాని నేరం కాదు.

యోబు భార్య మాట (2:9) మరొక ఉదాహరణ. హీబ్రూలో ఉన్నది 'దేవుని ఆశీర్వదించి చావు' అనే. దేవుని పక్కన 'శపించు' అనే మాట రాయడానికి జంకి వాడిన శుభోక్తి అది. దీపం 'కొండెక్కింది' అనేవాళ్లం, ఈ మర్యాద మనకు తెలియనిదా? తెలుగులో 'దూషించి' అని తేల్చేశారు. అర్థం తప్పు కాదు, కాని మాటలోని చేదు పోయింది. 'నీ దేవుడికో దండం పెట్టి చావు' అనే తెలుగు ఇల్లాలిని ఊహించుకుంటే, పైకి నమస్కారం, లోపల తిరస్కారం ఒకే మాటలో పలుకుతాయి. పల్లె నుడి గ్రాంథిక అనువాదంలో చొరబడలేకపోయింది.

42:6ను ఇలాగే చదవాలని మేము శాసించడం లేదు. అందులోని 'ధూళి, బూడిద' అన్న జంట కూడా అటూ ఇటూ ఊగుతుంది. అబ్రాహాము (ఆదికాండం 18:27) ఆ జంటను నరమాత్రుడనని చెప్పుకోవడానికే వాడాడు. కూర్చొని ఏడ్చే చోటు అని కాదు. మట్టితో చేసిన మనిషి స్థితి విషయంలో యోబు మనసు మార్చుకున్నాడో, ఊరట పొందాడో మూలం తేల్చదు. తేల్చని చోట అనువాదం తేల్చడమే మా అభ్యంతరం.

విద్యార్థులు గ్రంథం చివరి పుట కూడా నెమ్మదిగా చదవాలి. గొర్రెలు 7000 ఉండేవి 14000 అయ్యాయి, ఒంటెలు 3000 ఉండేవి 6000 అయ్యాయి. బిడ్డలు మాత్రం మునుపటివలెనే ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు. చనిపోయిన పదిమంది ఊసు లేదు. ఆస్తి రెట్టింపయిందని 42:10 చెప్పిన తరువాతనే, 42:11లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పాత పరిచయస్థులు వచ్చి యోబుతో కలిసి భోజనం చేస్తారు. యెహోవా అతనిమీదికి రప్పించిన కీడంతటి విషయమై అతనిని ఓదారుస్తారు. అక్కడి క్రియ కూడా 'నాహమ్'. దానిని మాత్రం మన అనువాదకులు ఓదార్పుగానే తెలిగించారు.