విద్య పండే వేళకు

ఒలింపిక్ సీజన్ పూర్తయ్యాక ఇక పోటీల్లో దిగనని జపాన్ స్కేటర్ కావోరి సకమోతో 2025 జూన్‌లో చెప్పేసింది. ఆమెకు 25 ఏళ్లు. 2022, 2023, 2024లో వరసగా ప్రపంచ చాంపియన్. మహిళల సింగిల్స్‌లో అలా వరసగా మూడుసార్లు గెలవడం 1966-68లో అమెరికా స్కేటర్ పెగీ ఫ్లెమింగ్ తర్వాత ఆమెకే చెల్లింది. వార్త చదివి దిగులుపడ్డాను గానీ ఆశ్చర్యపోలేదు. ఒలింపిక్స్ దగ్గరపడే కొద్దీ ఫిగర్ స్కేటింగ్ అభిమానుల మనసులో ఒక జాబితా తయారవుతుంది. ఎవరు ఆగిపోతారు, ఎవరిని చూడటం ఇదే ఆఖరుసారి అని. ఈసారి నా జాబితా పెద్దది. అందులో ఉన్నవాళ్లంతా నాకు ఇష్టమైనవాళ్లు కావడం ఒక బాధ. వాళ్ల విద్య ఇప్పుడే పండింది కదా అన్నది అంతకన్నా పెద్ద బాధ.

మన దగ్గర 25 ఏళ్ల గాయని గురించి గొంతు ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది అంటారు. నలభై దాటిన నర్తకి సత్యభామగా వేదికెక్కితే, అభినయం చూడాలంటే ఇప్పుడే చూడాలి అంటారు. స్కేటింగ్‌లో 25 వచ్చేసరికి వ్యాఖ్యాతలు ఆఖరి మెట్టు గురించి మాట్లాడటం మొదలుపెడతారు.

ఇదంతా ఒలింపిక్స్ చుట్టూనే ఎందుకు తిరుగుతుందంటే, ఈ ఆటలో కాలం నాలుగేళ్ల లెక్కన నడుస్తుంది. వేసవిలో కొత్త ప్రోగ్రామ్‌లు కట్టుకోవాలి. అక్టోబరు, నవంబరుల్లో గ్రాండ్ ప్రీ పోటీలు, డిసెంబరులో ఫైనల్, ఆపైన జాతీయ పోటీలు. ఈసారి 2026 ఫిబ్రవరిలో మిలాన్‌లో ఒలింపిక్స్, మార్చి ఆఖర్లో ప్రాగ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్. రింకు అద్దె, కోచ్, కొరియోగ్రాఫర్, దుస్తులు, ప్రయాణాలు అన్నీ డబ్బుతో పనే. ఇంకో ఏడాది ఆడతాను అనుకోవడం తేలిక. ఇంకోసారి ఒలింపిక్స్‌కు వెళ్తాను అనుకుంటే మాత్రం 2030 దాకా, ఫ్రాన్స్ ఆల్ప్స్ దాకా, ఒంటిని కాపాడుకు రావాలి. ఆ ఒళ్లు మాట వినాలి కదా.

ఒంటి సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. జంప్‌లు ఆరు రకాలు: ఆక్సెల్, లట్జ్, ఫ్లిప్, లూప్, సాల్కోవ్, టో లూప్. మన హైదరాబాద్, విశాఖ రింకుల్లో చక్రాల స్కేట్ల మీద ఆర్టిస్టిక్ నేర్చుకునే పిల్లలకూ ఈ పేర్లు తెలుసు. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చింది ఆ విద్యతోనే. ఒక్కో జంప్‌కు పైకి లేచే తీరు ఒక్కోలా ఉంటుంది. దిగడం మాత్రం అన్నిటికీ ఒకటే. ఎడమవైపుకు తిరిగేవాళ్లయితే, ఎక్కువమంది అలాంటివాళ్లే, కుడికాలి మీద, వెనక్కి జారుతూ, బ్లేడ్ బయటి అంచు మీద దిగాలి. ఎప్పుడూ అదే కాలు, అదే అంచు. ఒంటి బరువుకు ఎన్నో రెట్ల భారం ఆ క్షణంలో ఆ ఒక్క కాలి మీద పడుతుంది. గట్టి బూటు చీలమండను కదలనివ్వదు కనుక ఆ అదురు మోకాలికీ, తుంటికీ, నడుముకీ పాకుతుంది. ఆరేడేళ్ల వయసులో మొదలుపెట్టిన పిల్ల పాతికేళ్లు వచ్చేసరికి ఆ కుడికాలి మీద ఎన్నివేలసార్లు దిగి ఉంటుందో! స్కేటర్ల గాయాల కథల్లో తుంటి, వెన్ను, చీలమండ మాటిమాటికీ రావడానికి కారణం ఇదే.

అయితే అదే ఏళ్లు వాళ్లకు ఇంకొకటి ఇస్తాయి. బ్లేడ్ మందం నాలుగు మిల్లీమీటర్లు, ఆ చుట్టుపక్కల. అడుగున నిలువునా సన్నటి గాడి ఉంటుంది. గాడికి రెండు పక్కలా రెండు అంచులు. నిటారుగా నిలబడితే రెండూ మంచుకు తగులుతాయి. ఒక్క అంచు మీదికి ఒరిగితే దారి వంపు తిరుగుతుంది. ఎంత ఒరిగితే అంత వంపు. ఆ వంపులో మోకాలు కుంగి లేచే తీరులోనే వేగం పుడుతుంది. బాగా నేర్చినవాళ్లు కాలితో తోస్తున్నట్టే కనపడరు, రింకు మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకు గిర్రున వెనక్కి పోతుంది. వ్యాఖ్యానం లేని ప్రసారం దొరికితే నేను అదే చూస్తాను, బ్లేడ్ చప్పుడు వినపడుతుందని. అంచు కుదిరితే మంచు మెత్తగా, ఒకే శ్రుతిలో కోసుకుపోతున్న చప్పుడు వస్తుంది. కుదరకపోతే కీచుమని గీసుకుంటుంది. పదిహేనేళ్ల పిల్లలు గాల్లో నాలుగు చుట్లు తిరగడం చూశాను. అంత లోతుగా ఒరిగి, ఆ ఒరుగును నమ్ముకుని నిలవడం ఆ వయసులో దాదాపు చూడలేదు.

సకమోతో డబుల్ ఆక్సెల్‌ను నేను మళ్లీ మళ్లీ చూసేది ఇందుకే. పట్టికలో దాని మూల విలువ 3.30 పాయింట్లు, అంతే. అగ్రశ్రేణి స్కేటర్లందరూ చేసేదే. ఆక్సెల్ ఒక్కటే ముఖం ముందుకు పెట్టి ఎగిరే జంప్, అందుకే రెండు చుట్లకు అర చుట్టు అదనం. చాలామంది దానికి ముందు వేగం తగ్గించుకుంటారు, అడుగు సర్దుకుంటారు. ఆమె తగ్గించదు. వచ్చే వేగంలోనే ఎడమకాలి మీంచి లేస్తుంది, పైకి ఎంత పోతుందో ముందుకు అంతకన్నా ఎక్కువ పోతుంది. దిగాక ఆగదు. దిగిన కుడికాలి మీదే వెనక్కి ఇంకా జారుతూ, ఎగరక ముందున్న వేగం కన్నా ఇప్పుడే ఎక్కువ ఉందా అనిపించేలా సాగిపోతుంది. ట్రిపుల్ ఆక్సెల్ గానీ, నాలుగు చుట్ల క్వాడ్ గానీ లేకుండానే 2022 బీజింగ్‌లో కాంస్యం గెలిచింది. ఆ రాత్రి రష్యా అమ్మాయి అలెగ్జాండ్రా ట్రుసోవా ఫ్రీ స్కేట్‌లో అయిదు క్వాడ్‌లు వేసింది. ట్రుసోవా సాహసం పట్ల నాకు గౌరవం ఉంది. మళ్లీ చూడాలనిపించింది మాత్రం సకమోతోనే.

బీజింగ్ పేరెత్తితే డోపింగ్ కేసులో చిక్కుకున్న 15 ఏళ్ల రష్యా స్కేటర్ కమిలా వాలియేవా గుర్తొస్తుంది. ఆ వ్యవహారంలో పెద్దల తప్పు ఎంతో ఇక్కడ తేల్చలేను. ఆ పిల్ల ఏడుస్తూ మంచు మీంచి దిగిన దృశ్యం మాత్రం మరిచిపోలేను. అంతకుముందు 2014 సోచిలో టీమ్ స్వర్ణం తెచ్చిన యూలియా లిప్నిట్స్కయాకూ అప్పుడు 15 ఏళ్లే, 19 ఏళ్లకు రిటైరయింది. 2018లో స్వర్ణం గెలిచిన అలీనా జగితోవాకూ 15 ఏళ్లే, 17 ఏళ్లకు పోటీలు ఆపేసింది. వాళ్లది రిటైర్మెంట్ అనడానికి నాకు మనసు రాదు, మొదలే కాలేదు గనక. అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య 2022లో సీనియర్ పోటీలకు కనీస వయసు 15 నుంచి అంచెలంచెలుగా 17కు పెంచింది. ఆలస్యంగానైనా మంచిపని చేసింది. మిలాన్ ఆ నియమం కింద జరిగే మొదటి ఒలింపిక్స్. ఇప్పుడు నా జాబితాలో పాతికేళ్లవాళ్లూ, ముప్పై దాటినవాళ్లూ ఇంతమంది ఉండటం నిజానికి ఈ ఆట కాస్త ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు.

నలభై దాటిన ఆవిడా ఉంది. డియానా స్టెల్లాటో-డ్యూడెక్ 1983లో అమెరికాలో పుట్టింది. 2000లో జూనియర్ ప్రపంచ పోటీల్లో సింగిల్స్ రజతం గెలిచింది. తుంటి గాయాలతో 17 ఏళ్లకే మానేసింది. చర్మ సౌందర్య నిపుణురాలిగా ఉద్యోగంలో స్థిరపడింది. ఒకరోజు ఆఫీసువాళ్లంతా కలిసి ఆడుకునే ఆటలో ఓ ప్రశ్న వచ్చింది: ఓడిపోయే ప్రసక్తే లేకపోతే ఏం చేస్తావు? ఒలింపిక్ స్వర్ణం గెలుస్తాను అని ఆమె నోట అప్రయత్నంగా వచ్చేసింది. 2016లో, దాదాపు 16 ఏళ్ల విరామం తర్వాత, మళ్లీ మంచు మీదికి వచ్చింది. ఈసారి పెయిర్స్‌లో. అంటే భాగస్వామి తల మీదికి ఎత్తుతాడు, గాల్లోకి విసురుతాడు, ఆ ఎత్తు నుంచి అదే పాత తుంటి మీద దిగాలి. కెనడా తరఫున మాక్సిమ్ డెషాంప్‌తో జతకట్టి 2024 మార్చిలో మాంట్రియల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. అప్పటికి ఆమెకు 40 ఏళ్లు. ఫిగర్ స్కేటింగ్‌లో ఆ వయసులో ప్రపంచ టైటిల్ గెలిచిన మహిళ అంతకుముందు లేదు. ఒలింపిక్స్‌కు పౌరసత్వం కావాలి, అదీ 2024 డిసెంబరులో వచ్చింది. మిలాన్ నాటికి 42. పతకం సంగతి అలా ఉంచండి, ఆమె ఆ రింకులో అడుగుపెడితే చాలని కోరుకుంటున్నాను.

ఐస్ డాన్స్‌లో జంప్‌ల బాధ తక్కువ, అందుకే అక్కడ ఏళ్లు నిలుస్తారు. అమెరికా స్కేటర్లు మాడిసన్ చాక్, ఇవాన్ బేట్స్ 2011 నుంచి జంట. 2024లో పెళ్లి చేసుకున్నారు. 2023, 2024, 2025 ప్రపంచ టైటిళ్లు వాళ్లవే. బీజింగ్ టీమ్ పోటీ స్వర్ణం వాళ్ల మెడలో పడటానికి రెండున్నరేళ్లు పట్టింది. మొదట నిలిచిన రష్యా జట్టులోని వాలియేవా కేసు తేలాక 2024 ఆగస్టులో, పారిస్ వేసవి ఒలింపిక్స్ మధ్యలో, ఈఫిల్ టవర్ నీడన ఇచ్చారు. మిలాన్ వెళ్తే బేట్స్‌కు అది అయిదో ఒలింపిక్స్. ముగింపు వేడుక జరిగిన మర్నాడు, ఫిబ్రవరి 23న, అతనికి 37 నిండుతాయి.

కెనడా జంట పైపర్ గిల్స్, పాల్ పోరియే కూడా 2011 నుంచే కలిసి ఆడుతున్నారు. నాకు ఈ ఇద్దరంటే ఇంకాస్త ఎక్కువ ఇష్టం. 2022 చివర్లో గిల్స్‌కు శస్త్రచికిత్స జరిగితే అండాశయ క్యాన్సర్ అని తేలింది. తొలిదశలోనే బయటపడింది. కొద్ది నెలలకే ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచారు, తర్వాత రెండేళ్లూ రజతం. ఈ సీజన్ ఫ్రీ డాన్స్‌కు కొత్త సంగీతం వెతుక్కోకుండా, 2018-19లో చేసిన వాన్ గో ప్రోగ్రామ్‌నే మళ్లీ ఎత్తుకున్నారు. ఏడేళ్ల కిందటి వీడియో పక్కన పెట్టి చూడండి. అడుగులు ఎంత దగ్గరగా పడుతున్నాయో, ఒకరి ఒరుగులోకి ఇంకొకరు ఎంత నెమ్మదిగా చేరుతున్నారో తెలుస్తుంది. నేను ఇంతసేపూ చెబుతున్న పండటం అంటే అదే.

నా జాబితాలోని అమెరికా స్కేటర్ జేసన్ బ్రౌన్‌కు 2025 డిసెంబరులో 31 వస్తాయి. క్వాడ్ లేకుండా బీజింగ్‌లో ఆరో స్థానం. ఈ రోజుల్లో పురుషుల్లో అది ఎంత కష్టమో ఆట చూసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

మానేసినవాళ్లు తిరిగి రారా అంటే వస్తున్నారు. అలీసా లియూ 13 ఏళ్లకు అమెరికా చాంపియన్, 16 ఏళ్లకు రిటైర్మెంట్. ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కు ట్రెక్కింగ్ చేసింది, కాలేజీలో చేరింది. స్కీయింగ్‌కు వెళ్లినప్పుడు ఆ వేగం పాత జీవితాన్ని గుర్తుచేస్తే 2024లో వెనక్కి వచ్చింది. సంగీతం, దుస్తులు, సాధన అన్నీ తన ఇష్టప్రకారమే ఉండాలని ముందే చెప్పి వచ్చింది. ఏడాది తిరిగేసరికి బోస్టన్‌లో సకమోతోను ఓడించి ప్రపంచ చాంపియన్ అయింది. మంచు మీద ఆమె ముఖంలో కనిపించిన సంతోషం 13 ఏళ్లప్పుడు లేదు. ఆ ఉదాహరణ పట్టుకుని సకమోతో కూడా మనసు మార్చుకుంటుందని నేను ఆశపడను. ఆమె చిన్నవయసులో పారిపోతున్నది కాదు, పని పూర్తిచేసి వెళ్తున్నది. ఈ సీజన్ షార్ట్ ప్రోగ్రామ్‌కు 'టైమ్ టు సే గుడ్‌బై' పాటను ఎంచుకుంది. అంతకన్నా విడమరిచి ఎవరు చెబుతారు?

ఇక్కడిదాకా చెప్పినవన్నీ పేరున్నవాళ్ల సంగతులు. పేరులేనివాళ్ల రిటైర్మెంట్‌కు ప్రకటన ఉండదు. ఒలింపిక్ సింగిల్స్‌లో షార్ట్ ప్రోగ్రామ్ తర్వాత మొదటి 24 మందే ఫ్రీ స్కేట్‌కు వెళ్తారు. మిగిలినవాళ్లకు ఒలింపిక్స్ అంటే రెండు నిమిషాల నలభై సెకన్లు. చిన్న దేశాలవాళ్లు, దేశంలో ఒక్కటంటే ఒక్క రింకు ఉన్నవాళ్లు, చదువో ఉద్యోగమో పక్కన చేసుకుంటూ సొంత డబ్బుతో ఇక్కడిదాకా నెట్టుకొచ్చినవాళ్లు ఉంటారు అందులో. వాళ్లు మొదటి గ్రూపుల్లో ఆడతారు. చాలా చానెళ్లు ఆ సమయంలో ఇంకేదో చూపిస్తుంటాయి, అభిమానులం కూడా చివరి గ్రూపు వేళకు టీవీ పెడతాం. మహిళల షార్ట్ ఫిబ్రవరి 17న, ఫ్రీ స్కేట్ 19న. మిలాన్‌లో సాయంత్రాలు మనకు రాత్రులు, చివరి గ్రూపు వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. నిద్ర ఎలాగూ పాడవుతుంది కనుక కాస్త ముందే కూర్చుని మొదటి గ్రూపు నుంచి చూడండి. పేర్లు పలకడం రాకపోయినా ఫరవాలేదు, కాళ్ల వైపు చూడండి.