సగం నవ్వు వేదిక మీద, సగం మన దగ్గర

1892 ఆగస్టు 13న విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు ‘కన్యాశుల్కం’ నాటకాన్ని తొలిసారి ఆడారు. అక్కడికి సుమారు పది కిలోమీటర్ల దూరంలో, చంపావతి ఒడ్డున ఉన్న మన నెల్లిమర్లలో అప్పటికి జూట్ మిల్లు లేదు, రైలు కూడా రాలేదు. కానీ ఆ రోజు వేదిక మీద వినిపించిన మాట ఈ చుట్టుపక్కల పల్లెలదే. నాటకం మొదలయ్యేది విజయనగరం బొంకులదిబ్బ దగ్గర. నౌకరు అసిరిగాడి నోట పలికే యాస నేటికీ మన సంతలో, మన బస్సుల్లో వినిపిస్తూనే ఉంది. నూటముప్ఫై ఏళ్ళు దాటినా ఆ నాటకం ఆడితే జనం నవ్వుతున్నారు. కలిసి, గట్టిగా, పక్కవాడి భుజం మీద చెయ్యి వేసి మరీ నవ్వుతున్నారు.

ఆ నవ్వు ఊరికే రాదు. దాని వెనక కొన్ని తరాల పనితనం ఉంది. హాస్యనాటకమంటే కాలక్షేపం అనుకుని దాన్ని చిన్నచూపు చూసే అలవాటు మనలో చాలామందికి ఉంది. నాటకకళలో అన్నిటికన్నా కష్టమైన పని జనాన్ని నవ్వించడమేనని, ఆ పనికి మన ఉత్తరాంధ్ర ఇచ్చినంత గొప్ప ఉదాహరణ తెలుగులో మరొకటి లేదని నా నమ్మకం.

నలుగురిలో నవ్వు

నవ్వు ఒంటరిది కాదు. మనిషి ఒక్కడే ఉన్నప్పటి కంటే నలుగురిలో ఉన్నప్పుడు సుమారు ముప్ఫై రెట్లు ఎక్కువగా నవ్వుతాడని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ పరిశీలించి చెప్పాడు. 2011లో ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన రాబిన్ డన్బార్ బృందం ఇంకొక అడుగు ముందుకేసింది. హాస్య వీడియోలు చూసిన వాళ్ళనే కాక, ఎడింబరో నాటకోత్సవంలో హాస్య ప్రదర్శనలు చూసిన ప్రేక్షకులను కూడా పరీక్షించింది. కలిసి కడుపారా నవ్విన వాళ్ళు ఆ తర్వాత నొప్పిని ఎక్కువసేపు ఓర్చుకోగలిగారు. నవ్వినప్పుడు ఒంట్లో ఎండార్ఫిన్లు విడుదల కావడమే దానికి కారణం కావచ్చని, మనుషుల్ని ఒకరికొకరిని దగ్గర చేసేవి కూడా అవేనని వాళ్ళ వాదన.

మన భరతుడు ఈ లెక్కలు వెయ్యలేదు గానీ నవ్వును చాలా దగ్గరగా చూశాడు. నాట్యశాస్త్రంలో హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని రెండుగా చెప్పాడు. తాను నవ్వడం మొదటిది, ఎదుటివాణ్ణి నవ్వించడం రెండోది. నవ్వు స్థాయిలను స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరుగా విడదీశాడు. పెదవి అంచున మెరిసే చిరునవ్వు దగ్గర మొదలై, కళ్ళనీళ్ళు తిరిగి డొక్కలు పట్టుకునేదాకా ఆ మెట్లు సాగుతాయి. మంచి హాస్యనాటకం ప్రేక్షకుణ్ణి ఒక్కొక్క మెట్టూ ఎక్కిస్తుంది. మొదటి పది నిమిషాల్లోనే అతిహసితం కోసం పాకులాడే నాటకం తర్వాత గంటసేపు ఖాళీగా మిగిలిపోతుంది.

రాత్రంతా సాగిన బడి

ఉత్తరాంధ్ర ప్రేక్షకుడికి ఈ చదువు ఆడిటోరియంలో అబ్బలేదు. తూర్పు భాగవతం దానికి మొదటి బడి. మద్దెల మోతకు తగ్గట్టు మగవాళ్ళే సత్యభామ వేషం కట్టి ఆడే భామాకలాపం రాత్రి తెల్లవార్లూ నడుస్తుంది. అందులో చెలికత్తె మాధవి సత్యభామను పట్టుకుని, నీ భర్త ఎవరో పేరు పెట్టి చెప్పమంటుంది. మొగుడి పేరు నోటితో పలకని కాలం అది. సత్యభామ సిగ్గుపడుతుంది, మాట మారుస్తుంది, సైగ చేస్తుంది, చుట్టూ తిప్పి చెబుతుంది. మాధవి వదలదు. చూస్తున్న ఆడవాళ్ళందరికీ ఆ ఇబ్బంది స్వయంగా తెలుసు కాబట్టి ముందుగా నవ్వేది వాళ్ళే. గొప్పింటి భామ గర్వం, మామూలు ఇల్లాలి మొహమాటం ఒక్క మనిషిలో కనబడడమే ఆ ఘట్టానికి ప్రాణం.

బుర్రకథలో కథకుడి పక్కనుండే ఇద్దరు వంతల్లో ఒకరి పనే హాస్యం. వీరగాథ మంచి పట్టు మీద ఉండగా అతడు అడ్డు తగిలి ఒక వెర్రి ప్రశ్న వేస్తాడు. జనం నవ్వి, ఊపిరి తీసుకుని, మళ్ళీ కథలోకి వస్తారు. హరికథలో ఆ పని పిట్టకథలు చేస్తాయి. బలిజిపేట దగ్గరి అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) హరికథకు పితామహుడయ్యాడు. 1919లో విజయనగరంలో పెట్టిన విజయరామ గానపాఠశాలకు ఆయనే తొలి అధ్యక్షుడు. భక్తి, పాండిత్యం, సంగీతం, నవ్వు ఒకే గజ్జెకట్టులో ఇముడుతాయని మన పెద్దలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ళు కళ్ళారా చూశారు.

గురజాడ పనితనం

ఇలాంటి గడ్డ మీద గురజాడ అప్పారావు కలం పట్టారు. తొలి ప్రదర్శన తర్వాత 1897లో ‘కన్యాశుల్కం’ అచ్చయింది. ఆపైన ఆయన దాన్ని బాగా పెంచి, తిరగరాసి 1909లో మళ్ళీ ప్రచురించారు. హాస్యం రాయాలనుకునే ఎవరైనా ఆ నాటకాన్ని పాఠ్యపుస్తకంలా విడదీసి చూడాలి.

మొదటి కిటుకు, పాత్రకు తెలియనిది ప్రేక్షకుడికి ముందే తెలియడం. ముసలి లుబ్ధావధాన్లు డబ్బిచ్చి చేసుకుంటున్న పెళ్ళికూతురు ఆడపిల్ల కాదు, కరటకశాస్త్రి శిష్యుడని మనకు మొదటినుంచీ తెలుసు. ఆ రహస్యం చేతిలో ఉన్నాక పెళ్ళి మాట, బేరం మాట, నగ మాట ఏది వచ్చినా రెండర్థాలు పలుకుతుంది. రహస్యం ఎప్పుడు బయటపడుతుందా అనే ఆత్రం నవ్వుకు తోడవుతుంది. ఆ కాలంలో స్త్రీ పాత్రలు వేసేది మగవాళ్ళే. మగవాళ్ళే ఆడవాళ్ళుగా కనిపిస్తున్న వేదిక మీద, మగపిల్లవాడు ఆడవేషం వేసిన సంగతి పక్కనే ఉన్నవాళ్ళు పోల్చుకోలేకపోతారు. నాటకం తన అలవాటునే తీసి హాస్యంగా మలచుకుంది.

రెండోది భాష. ప్రతి మనిషికీ తన మాట ఉంది. అగ్నిహోత్రావధాన్ల కోపం ఒక తీరు, గిరీశం ఇంగ్లీషు కలిపిన గొప్పలు ఒక తీరు, మధురవాణి మాటలోని చాకచక్యం ఇంకో తీరు. గిరీశం, శిష్యుడు వెంకటేశం కలిసి పెద్దల ముందు ఇంగ్లీషులో సంభాషించే ఘట్టం చూడండి. వెంకటేశం బట్టీపట్టిన పాఠాల ముక్కల్ని జవాబులుగా అప్పజెబుతాడు, ఇంట్లోవాళ్ళు మురిసిపోతారు. ఇంగ్లీషు వచ్చిన ప్రేక్షకుడు మాటల్లోని డొల్లతనానికి నవ్వుతాడు. రానివాడు తల్లిదండ్రుల మురిపానికీ, గురుశిష్యుల ధీమాకీ నవ్వుతాడు. ఇద్దరికీ ఒకే క్షణంలో నవ్వు వస్తుంది. చదువుకున్నవాణ్ణీ చదువుకోనివాణ్ణీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి ఒకేసారి నవ్వించగలగడం మామూలు విద్య కాదు.

మూడోది ఒంటితో చేసే హాస్యం. మధురవాణి ఇంట్లో మంచం కింద ఒకరికి తెలియకుండా ఒకరు దూరడం, పూటకూళ్ళమ్మ చీపురు పట్టుకుని రావడం, దెబ్బలు తగలవలసినవాడికి కాక ఇంకొకరికి తగలడం పల్లె భాగవతుల సరుకే. గురజాడ దాన్ని తక్కువగా చూడలేదు. సంఘసంస్కరణ పక్కనే దానికీ పీట వేశారు.

విరామమే అసలు మాట

రాసినవాడు ఎంత గొప్పవాడైనా నవ్వు పుట్టేది నటుడి ఊపిరిలో. చిన్న ఉదాహరణ చెబుతాను. అప్పులవాడు వచ్చి తలుపు కొడతాడు. ‘ఇంట్లో ఎవరున్నారు?’ అంటాడు. లోపల మంచం వెనక నక్కిన ఆసామి ‘ఎవరూ నేరు బావూ!’ అని గట్టిగా కేకేస్తాడు. ఈ మాటకు జనం నవ్వుతారు. అయితే దీన్ని రెండింతలు చేసేది ఆ తర్వాతి క్షణం. తాను చేసిన పొరపాటు ఆసామికి మెల్లిగా తట్టాలి. ముందు కళ్ళు, తర్వాత మెడ, ఆఖరున చెయ్యి నోటి మీదికి రావాలి. అప్పులవాడు వెళ్ళబోయి ఆగాలి. అక్కడ ఒక్క మాట ఎక్కువైనా నవ్వు చచ్చిపోతుంది.

నవ్వు లేచాక నటుడు దాన్ని పూర్తిగా చల్లారనివ్వకూడదు. శిఖరానికి చేరి దిగుతూ ఉండగా తర్వాతి మాట అందుకోవాలి. తొందరపడితే ఆ మాట హోరులో కలిసిపోతుంది, ఆలస్యమైతే నాటకం చతికిలబడుతుంది. ఈ కొలత ఏ రిహార్సల్లోనూ దొరకదు, ఎందుకంటే అక్కడ ప్రేక్షకులు ఉండరు. సినిమాలో నటుడికి ఈ అవకాశమే లేదు. 1955లో పి.పుల్లయ్య తీసిన ‘కన్యాశుల్కం’ సినిమాలో ఎన్టీ రామారావు గిరీశంగా, సావిత్రి మధురవాణిగా బాగా చేశారు. కానీ ఆ గిరీశం ఏ ఊళ్ళో చూసినా ఒకేలా ఆగుతాడు. నాటకంలో గిరీశం మాత్రం ఆ రోజు ఎదురుగా కూర్చున్న మనల్ని బట్టి ఆగుతాడు.

శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం నుంచి వచ్చిన అన్నదమ్ములు జె.వి.సోమయాజులు, జె.వి.రమణమూర్తి ఈ విద్యకు తమ జీవితంలో చాలా భాగం ఇచ్చారు. ‘శంకరాభరణం’ శంకరశాస్త్రిగా దేశమంతా ఎరిగిన సోమయాజులు అంతకు చాలాకాలం ముందు నుంచే ‘కన్యాశుల్కం’ నాటకంలో రామప్పంతులు. రమణమూర్తి గిరీశం. రాత్రంతా పట్టే నాటకాన్ని ఆయన కొద్ది గంటలకు కుదించి, దర్శకత్వం వహించి, దశాబ్దాలపాటు ఊరూరా సుమారు వెయ్యి ప్రదర్శనలు ఇచ్చారు. అదే మాట అన్నిసార్లు చెప్పినా ప్రతిసారీ నవ్వు పుట్టించాలంటే ప్రతి ఊరి ఊపిరినీ వినగలగాలి.

నవ్వు చేసే మేలు

ఈ నాటకం వెనక ఉన్నది భయంకరమైన నిజం. అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో డబ్బు తీసుకుని జరిపిన బ్రాహ్మణ వివాహాల జాబితాను విజయనగరం ఆనందగజపతి మహారాజు తయారు చేయించారు. లెక్కకు వచ్చినవి 1034. వాటిలో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. తొలి ముద్రణ పీఠికలో గురజాడ ఈ అంకెలు ఇచ్చారు.

ఆ అంకెలు చదివితే గుండె బరువెక్కుతుంది. ఉపన్యాసం చెబితే తప్పు చేసినవాడు లేచి వెళ్ళిపోతాడు. నాటకంలో అతడు కూర్చుంటాడు, పక్కవాళ్ళతో కలిసి లుబ్ధావధాన్లను చూసి నవ్వుతాడు. ఊరంతా ఒక్కసారి నవ్విన ఆచారానికి మళ్ళీ పాత పరువు దక్కడం కష్టం. ఇంకో సంగతి కూడా గమనించండి. సుబ్బి అనే పసిపిల్లను లుబ్ధావధాన్లతో పెళ్ళి నుంచి తప్పించిన ఎత్తు విదూషక వేషాలు కట్టే కరటకశాస్త్రిది, దాన్ని నడిపింది ఆడవేషం వేసిన కుర్రవాడు. ఒక బిడ్డను కాపాడే పని గురజాడ నటుల చేతిలోనే పెట్టారు.

అయితే నవ్వు ఎటు తిరుగుతోందో చూసుకోవాలి. కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’లో సుబ్బిశెట్టి పాత్రను ఆడేవాళ్ళు ఏళ్ళ తరబడి మోటుమాటలతో పెంచుకుంటూ పోయారు. తమను కించపరుస్తున్నారని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పగా, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ప్రదర్శనను నిషేధించింది. నిషేధం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. నటులు నేర్చుకోవలసిన పాఠం మాత్రం స్పష్టం. మనిషి చేసే తప్పును చూపి నవ్విస్తే హాలంతా ఒకటవుతుంది. మనిషి పుట్టుకను చూపి నవ్విస్తే హాలు రెండుగా చీలిపోతుంది. హాస్యనాటకం విలువ మొదటిదానిలో ఉంది.

మన వంతు

ఇవాళ ఊళ్ళలో అమ్మవారి సంబరాలకు డీజేలు వస్తున్నాయి, రికార్డింగ్ డ్యాన్సులు వస్తున్నాయి. హాస్యం సెల్‌ఫోన్‌లో ముప్ఫై సెకన్ల ముక్కలుగా దొరుకుతోంది. ఒకే ఇంట్లో నలుగురు నాలుగు మూలల కూర్చుని నాలుగు వేరువేరు విషయాలకు నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు తప్పు కాదు, కానీ అది ఊరిని కలపదు.

నాటకానికి పెద్ద హంగులేమీ అక్కర్లేదు. గంటలోపు నాటిక, అయిదారుగురు నటులు, ఒక బల్ల, రెండు కుర్చీలు, వినబడే మైకు చాలు. నెల్లిమర్లలో, రామతీర్థంలో, చుట్టుపక్కల ప్రతి ఊరిలో పండగ కమిటీలున్నాయి. ఈసారి సంబరానికి పెట్టే ఖర్చులో కొంత తీసి ఒక హాస్యనాటికకు ఇవ్వండి. బడిపిల్లల చేత ఏప్రిల్ 16న, తెలుగు నాటకరంగ దినోత్సవం రోజున, మన యాసలోనే ఒక చిన్న ప్రహసనం వేయించండి. ఆగస్టు 13న ‘కన్యాశుల్కం’ నుంచి కనీసం ఒక్క ఘట్టమైనా ఆడించండి. ఆ రోజు ఫోను ఇంట్లో వదిలి, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని ముందు వరుసలో కూర్చోండి. నవ్వు వచ్చినప్పుడు ఆపుకోకండి, వేదిక మీద ఉన్నవాళ్ళు ఎదురుచూసేది దాని కోసమే.