పచ్చిక మీద ఆరేసిన గుడ్డ

డిగ్నాబాద్‌లో మా మేడమీద తీగకి వేలాడే దుప్పటి మచిలీపట్నం పక్కనున్న పెడనది. ఈ అండమాన్ దీవుల ఎండకీ ఉప్పుగాలికీ అంచులు చివికిపోయాయి గానీ పువ్వుల్లో ఎరుపు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ ఎరుపుకి ఫ్రాన్సులో ఒక చుట్టపు పల్లె ఉంది.

వెర్సాయి దగ్గర, బియేవ్ర్ ఏటి ఒడ్డున ఉన్న ఆ ఊరి పేరు జూయి-ఆన్-జొజాస్. 1760లో ఓబర్‌కాంఫ్ అనే జర్మన్ కుర్రాడు, ఇంకా ఇరవై రెండు నిండనివాడు, అక్కడ అద్దకం పని మొదలుపెట్టాడు. అంతకుముందు ఫ్రాన్సులో ఆ పనే నేరం. మన తీరపు చీటిగుడ్డల మోజులో పడి జనం తమ పట్టునీ ఉన్నినీ కొనడం మానేస్తారని 1686లో అక్కడి రాజు నిషేధం పెట్టాడు. 1759లో ఎత్తేశారు. చిత్రమేమిటంటే, ఫ్రెంచివాళ్లు మచిలీపట్నం కోటని ఇంగ్లిషువాళ్లకి పోగొట్టుకున్నదీ ఆ ఏడే.

పని మర్మం మాత్రం ముందే ఓడెక్కింది. తెలుగు నిఘంటువు కూర్చిన కెర్దూ అనే ఫ్రెంచి మతగురువు, మన తీరపు అద్దకపు పనివాళ్లని అడిగి తెలుసుకున్నదంతా 1742లో ఉత్తరంగా రాసి స్వదేశానికి పంపాడు.

ఆ మర్మం చూడ్డానికి ఇప్పటికీ పెడన వెళ్తే చాలు. ముందు గుడ్డని కరక్కాయ కలిపిన పాలల్లో ముంచి ఆరేస్తారు. పాలలోని జిడ్డు వల్ల రంగు పక్కకి పాకదు. తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నీళ్లలో టేకు అచ్చుని అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు. కరక్కాయ తగలగానే గీత కళ్లముందే నల్లబడుతుంది. ఎరుపు అలా కాదు. అచ్చు అద్దేది పటిక నీళ్లని. వాటికి సొంత రంగంటూ లేదు. పువ్వు ఎర్రగా పూస్తుందో లేదో పనివాడికి ఆ పూటకి తెలియదు. కాలవలో జాడించి, ఎర్రవేళ్లతో రాగి డేగిసాలో ఉడికించాకే తేలుతుంది: పటిక పట్టినచోట ఎరుపు దిగుతుంది, మిగతాచోట మురికి గులాబి. ఆ మురికిని పోగొట్టడానికే మళ్లీ జాడింపు, పచ్చిక మీద పరచడం, నీళ్లు చల్లుతూ ఎండబెట్టడం. రంగు వేసినవాడి కన్నా ఉతికినవాడి నేర్పు గొప్పదని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఓబర్‌కాంఫ్ ఆ పల్లెని ఏరి పట్టుకున్నదీ ఏటి నీళ్లూ, పచ్చిక బయళ్లూ చూసే. రాజుగారి కోట దగ్గరగా ఉండటం అదనపు లాభం. 1770లో రాగిపలకలు తెచ్చాడు. గొర్రెల కాపర్లూ, పాడుబడ్డ మండపాలూ జుట్టంత సన్నని గీతల్లో ఒకే రంగులో అచ్చయ్యాయి. జూయి పేరు చెబితే లోకానికి గుర్తొచ్చేవి అవే. 1783లో అది రాజముద్ర పొందిన కార్ఖానా అయింది. నన్నడిగితే ఆ కాపర్ల కన్నా, అక్కడే చెక్క అచ్చులతో వేసిన పువ్వులే అందం. వాటి మూలల్లో అచ్చు ఆనడానికి గుర్తుగా సన్నని మేకుల చుక్కలుంటాయి.

1843లో కార్ఖానా మూతపడింది. ఊళ్లో ఇప్పుడు ఆ గుడ్డలకో మ్యూజియం ఉంది. పెడనలో గుడ్డ ఇంకా కాలవలో జాడిస్తున్నారు.

మా దుప్పటి మీద మేకుల చుక్కలేమీ లేవు. అంచున ఒకచోట అచ్చు నూలుపోగంత పక్కకి జరిగి, ఆకు నల్లగీత దాటి ఎర్రటి పువ్వులోకి దిగింది. మా ఆవిడ దాన్ని కనబడకుండా మడిచి పరుస్తుంది. నేను మళ్లీ తీసి పైకి పెడతాను.